డిపోర్టేషన్ ఉత్తర్వును మళ్లీ చూడమని అమెరికా ఇమిగ్రేషన్ కోర్టును అడగడం ఎలా: తిరుపతిలో ఉన్న ఇంటివాళ్ల కోసం

తిరుపతిలో కోర్టు దగ్గర టైపింగ్, తర్జుమా పని చేసుకునేవాణ్ణి నేను. భూమి పత్రాలు, వీలునామాలు, పెళ్లి సర్టిఫికెట్లు ఇంగ్లీషులోకి మార్చి ఇస్తుంటాను. కొన్నేళ్లుగా వేరే రకం కాగితం కూడా నా బల్ల మీదికి వస్తోంది. పలమనేరు నుంచో, శ్రీకాళహస్తి నుంచో ఒక తండ్రి వస్తాడు, ఫోన్లో పీడీఎఫ్ తెరిచి చూపిస్తాడు. "సామీ, పిల్లోణ్ణి పంపించేస్తామని రాసినారంట. దీన్ని మళ్లా చూడమని అడగొచ్చా?"

అడగొచ్చు. కానీ ఏమని అడుగుతున్నామో తెలియకుండా అడిగితే ఉన్న ఒక్క అవకాశమూ పోతుంది. నేను లాయర్ని కాను. మా అక్క కొడుకు కేసులో ఏడాది పాటు కాగితాలు మోసినవాణ్ణి, అంతే. అక్కడి లాయరు చెప్పగా అర్థమైందీ, ఇక్కడ తర్జుమా చేస్తూ తెలుసుకుందీ వరుసగా రాస్తున్నాను. ఇదంతా అమెరికా ఇమిగ్రేషన్ కోర్టు గురించే. వేరే దేశాల పద్ధతి వేరు.

మొదట, ఆ ఉత్తర్వు ఎవరిచ్చారో చూడండి

పిల్లవాడు ఫోన్లో "డిపోర్ట్ ఆర్డర్ వచ్చింది మామా" అంటాడు. ఆ మాటతో సరిపెట్టుకోవద్దు, అన్ని పేజీలూ స్కాన్ చేయించి తెప్పించుకోండి. అది సాధారణంగా నాలుగు రకాల్లో ఒకటై ఉంటుంది.

జడ్జి ముందు విచారణ జరిగి, వాదన విన్నాక ఇచ్చింది ఒకటి. పిల్లవాడు వాయిదాకు హాజరు కాలేదని, లేనప్పుడే ఇచ్చేసింది రెండోది. మన కోర్టు భాషలో ఎక్స్‌పార్టీ అన్నమాట. మూడోది, జడ్జి తీర్పు మీద అప్పీలు వేస్తే వర్జీనియాలో ఉండే బోర్డు ఆఫ్ ఇమిగ్రేషన్ అప్పీల్స్ ఇచ్చిన తీర్పు. నాలుగోది, సరిహద్దులో పట్టుబడినవాళ్లకు జడ్జితో పని లేకుండా అధికారి ఇచ్చే ఎక్స్‌పెడైటెడ్ రిమూవల్. 2025 ఫిబ్రవరి 5న అమృత్‌సర్‌లో 104 మందితో సైనిక విమానం దిగిన వార్త చూశాక నా దగ్గరికి వచ్చినవాళ్లలో కొందరి చేతిలో ఈ నాలుగో రకమే ఉంది. అది ఇమిగ్రేషన్ జడ్జి ఇచ్చిన తీర్పు కాదు కాబట్టి, కింద రాసిన మోషన్లేవీ (కోర్టులో వేసే అర్జీలు) దానికి వర్తించవు.

ఎక్కడ దాఖలు చేయాలన్నది కూడా ఇక్కడే తేలిపోతుంది. చివరి తీర్పు జడ్జిదైతే ఆ కోర్టులోనే వేయాలి, బోర్డుదైతే బోర్డులో వేయాలి. తప్పు చోట వేస్తే తిరిగొచ్చేసరికి గడువు దాటిపోతుంది.

రీకన్సిడర్ వేరు, రీఓపెన్ వేరు

మొత్తం వ్యవహారంలో మనవాళ్లు తడబడేది ఇక్కడే.

మోషన్ టు రీకన్సిడర్ అంటే, అప్పటికే కోర్టు ఫైల్లో ఉన్నదాన్ని బట్టే తీర్పు తప్పని చూపించడం. జడ్జి పాత చట్టం వాడారు, ఫైల్లో ఉన్న సాక్ష్యాన్ని చూడలేదు, ఒక వాస్తవాన్ని తప్పుగా రాసుకున్నారు, పై కోర్టు తీర్పుకు విరుద్ధంగా వెళ్లారు, ఇలాంటివి. కొత్త కాగితానికి ఇందులో చోటు లేదు. మన సివిల్ కోర్టులో ఆర్డర్ 47 కింద వేసే రివ్యూ పిటిషన్ తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఇక్కడ రివ్యూకు 30 రోజులు, అక్కడ రీకన్సిడర్‌కూ 30 రోజులే.

మోషన్ టు రీఓపెన్ అంటే, విచారణ రోజు లేని, అప్పుడు తేవడానికి వీలుపడని కొత్త విషయం ఇప్పుడు దొరికిందని చెప్పి కేసును తెరిపించడం. దీనికి 90 రోజులు. దేనికైనా సాధారణంగా ఒక్కసారే అవకాశం.

తిరుపతి నుంచి మనం పంపగలిగినవన్నీ కొత్త కాగితాలే. తండ్రి గుండె జబ్బు రిపోర్టు, ఊళ్లో గొడవకు సంబంధించిన ఎఫ్ఐఆర్, అమ్మ రాసిన ఉత్తరం, సర్పంచ్ ఇచ్చిన లెటర్. ఇవన్నీ రీఓపెన్‌కు పనికొస్తే రావచ్చు. రీకన్సిడర్ మోషన్‌కు వీటిని కుట్టి పంపితే, అందులో చట్టపరమైన తప్పేమీ చూపించలేదని జడ్జి కొట్టేస్తారు. మేం మొదట చేసిన పొరపాటు అదే. మా అక్క కన్నీళ్లతో రాయించిన నాలుగు పేజీల ఉత్తరాన్ని నేనే రాత్రంతా కూర్చుని ఇంగ్లీషులోకి మార్చాను. అక్కడి లాయరు చదివి, "చాలా బాధగా ఉంది సార్, కానీ జడ్జి చేసిన తప్పు ఇందులో ఎక్కడుంది?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఒకే కేసులో రెండింటికీ ఆధారాలుంటే రెండూ వేయవచ్చు. అయితే ఏది దేని కిందికి వస్తుందో విడివిడిగా రాయాలి. "దయచేసి మా కేసు మళ్లీ చూడండి" అని కలగాపులగంగా రాసిన అర్జీని ఎలా తీసుకోవాలో కోర్టుకు తెలియదు.

వాయిదాకు వెళ్లకపోవడం వల్ల వచ్చిన ఉత్తర్వైతే

దీని మీద నేరుగా బోర్డుకు అప్పీలు వెళ్లదు. ముందు అదే జడ్జి దగ్గర, ఆ ఉత్తర్వు ఎత్తేసి కేసు తెరవమని మోషన్ వేయాలి. కారణాన్ని బట్టి గడువు మారుతుంది.

అసాధారణ పరిస్థితి వల్ల వెళ్లలేకపోతే 180 రోజులు. అసాధారణం అంటే ఏమిటో చట్టంలోనే ఉదాహరణలు ఉన్నాయి: అతనికే తీవ్రమైన జబ్బు చేయడం, భార్యకో భర్తకో పిల్లలకో తల్లిదండ్రులకో తీవ్ర అనారోగ్యం లేదా మరణం, అతని మీద దాడి లేదా తీవ్రమైన హింస. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాడు, తేదీ మరిచిపోయాడు అంటే చాలా కష్టం.

నోటీసే సరిగ్గా అందలేదంటే గడువు లేదు, ఎప్పుడైనా వేయవచ్చు. ఆ రోజు అతను ప్రభుత్వ కస్టడీలోనే ఉండి, తన తప్పు లేకుండా రాలేకపోయినా అంతే. కానీ "నోటీసు అందలేదు" అనగానే సరిపోదు. ఇల్లు మారితే 5 రోజుల్లోగా ఈఓఐఆర్-33 ఫారంతో కోర్టుకు కొత్త అడ్రస్ తెలపాల్సిన బాధ్యత అతనిదే. చెప్పకపోతే, పాత అడ్రస్‌కు పంపిన నోటీసు అందినట్టే లెక్క.

మా వాడు ఇక్కడే బయటపడ్డాడు. గది మారినప్పుడు ఈఓఐఆర్-33 పంపాడు, పంపినట్టు రసీదు ఈమెయిల్లో ఎక్కడో పడి ఉంది. కోర్టు మాత్రం వాయిదా నోటీసు పాత గదికే పంపింది. మేం ఇక్కడి నుంచి 40 పేజీలు పంపితే లాయరు వాడుకున్నది రెండే. కేసును నిలబెట్టింది ఆ ఒక్క రసీదు. అందుకే ముందుగా పిల్లవాణ్ణి తన ఈమెయిలంతా వెతకమనండి, తర్వాత మీరు ఎమ్మార్వో ఆఫీసుకు బయల్దేరండి.

వాట్సాప్‌లో తిరిగే ఒక మాట గురించి కూడా చెప్పాలి. "మొదటి నోటీసులో తేదీ, టైము లేకపోతే కేసు కొట్టేస్తారు" అని. 2024 జూన్‌లో కాంపోస్-చావెస్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఆ దారిని చాలావరకు మూసేసింది. మొదటి కాగితంలో తేదీ లేకపోయినా, అతను తప్పిన వాయిదాకు తర్వాత సరైన నోటీసు ఇచ్చి ఉంటే, ఆ ఒక్క లోపంతో ఉత్తర్వు ఎత్తేయరు.

రోజుల లెక్క

తీర్పు తేదీ మార్చి 3 అనుకుందాం. మరుసటి రోజు ఒకటో రోజు. రీకన్సిడర్‌కు చివరి రోజు ఏప్రిల్ 2, రీఓపెన్‌కు జూన్ 1. చివరి రోజు శని, ఆదివారమో ప్రభుత్వ సెలవో అయితే తర్వాతి పనిదినం దాకా ఉంటుంది. కచ్చితంగా చెప్పాలంటే ఈ లెక్క తీర్పు ఫైనల్ అయిన రోజు నుంచి మొదలవుతుంది. జడ్జి తీర్పు మీద అప్పీలు హక్కు వదులుకుంటే ఆ రోజే ఫైనల్, లేకపోతే అప్పీలు గడువు ముగిశాక. ఆ తేడా లాయర్లకు వదిలేయండి. ఇంట్లో క్యాలెండర్ మీద మాత్రం తీర్పు తేదీ నుంచే లెక్కించి రాసుకోండి.

పోస్టులో వేసిన రోజు లెక్కలోకి రాదు, కోర్టుకు చేరిన రోజే దాఖలైన రోజు. అక్కడి తూర్పు తీరానికీ మనకూ తొమ్మిదిన్నర నుంచి పదిన్నర గంటల తేడా. "ఇంకా ఒక రోజుంది కదా" అనుకుని మీరు సాయంత్రం స్కాన్ పంపితే అక్కడ ఆ రోజు అప్పుడే తెల్లారి ఉంటుంది.

ఇంకో రెండు గడువులు దీనితో పాటే పరిగెడుతుంటాయి. జడ్జి తీర్పు మీద బోర్డుకు అప్పీలు చేసుకునే చివరి తేదీ ఉత్తర్వు మీదే ఉంటుంది. ఈ నిబంధనలు ఈ మధ్య మారుతున్నాయి కాబట్టి బంధువు చెప్పిన లెక్క నమ్మకుండా ఆ తేదీనే పట్టుకోండి. రెండోది, బోర్డు తీర్పు మీద ఫెడరల్ అప్పీల్స్ కోర్టులో పిటిషన్ వేయడానికి 30 రోజులు. రీకన్సిడర్ వేశాం కదా, దాని ఫలితం చూసి అటు వెళ్దాం అనుకుంటే ఆ 30 రోజులు కరిగిపోతాయి. మోషన్ పెండింగ్‌లో ఉన్నంత మాత్రాన ఆ గడువు ఆగదని అమెరికా సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. రెండూ వేర్వేరుగా వేసుకోవాల్సిందే.

90 రోజులు దాటినా కొన్ని మినహాయింపులున్నాయి. సొంత దేశంలో పరిస్థితులు మారిపోయి శరణు అడిగే సందర్భం ఒకటి. ప్రభుత్వ లాయర్లు కూడా ఒప్పుకుని కలిసి మోషన్ వేయడం ఇంకొకటి. ఇంట్లో హింసకు గురైన భార్యలకు కొన్ని షరతులతో ఏడాది వరకు సమయం ఉంది. ఇవన్నీ ఇరుకు దార్లే. వీటిని నమ్ముకుని మొదటి 30 రోజులు పోగొట్టుకోవద్దు.

మోషన్ వేస్తే పంపించడం ఆగుతుందా?

ఆగదు. ఇది గట్టిగా చెప్పకపోతే ఇంటివాళ్లు హాయిగా నిద్రపోతారు. రీకన్సిడర్ అయినా మామూలు రీఓపెన్ అయినా, దాఖలు చేసినంత మాత్రాన విమానం ఆగదు. స్టే కావాలని విడిగా అడగాలి, కోర్టు ఇవ్వాలి. ఐస్ (మనుషుల్ని పట్టుకుని వెనక్కి పంపే అమెరికా ప్రభుత్వ విభాగం) అధికారులను ఐ-246 ఫారంతో వేరుగా కూడా అడగవచ్చు. ఎక్స్‌పార్టీ ఉత్తర్వు ఎత్తేయమని వేసే మోషన్‌కు మాత్రం, జడ్జి దాన్ని తేల్చేదాకా చట్టమే స్టే ఇస్తుంది.

తనంతట తానే వెళ్తానని ఒప్పుకుని వాలంటరీ డిపార్చర్ తీసుకున్నవాళ్లకు ఒక హెచ్చరిక. ఆ గడువులోపు రీకన్సిడర్ గానీ రీఓపెన్ గానీ మోషన్ వేస్తే ఆ అనుమతి దానంతటదే రద్దయిపోయి డిపోర్టేషన్ ఉత్తర్వుగా మారుతుంది. లాయరుతో మాట్లాడకుండా దీన్ని కదిలించవద్దు.

లాయరు, ఫీజు

ఇమిగ్రేషన్ కోర్టులో ప్రభుత్వం ఉచితంగా లాయర్ని పెట్టదు. ఉచితంగానో తక్కువ ఖర్చుతోనో పనిచేసే సంస్థల జాబితాను రాష్ట్రాల వారీగా కోర్టుల విభాగం ఈఓఐఆర్ తన వెబ్‌సైట్లో పెడుతుంది, మొదట అది చూడండి. లాయరైతే అమెరికాలో ఏదో ఒక రాష్ట్ర బార్‌లో (లాయర్ల సంస్థలో) లైసెన్సు ఉండాలి. ఆ బార్ వెబ్‌సైట్లో పేరు కొట్టి మీరే సరిచూసుకోవచ్చు. లైసెన్సు లేకుండా "మేం అంతా చూసుకుంటాం" అనే కన్సల్టెన్సీలు ఇక్కడా ఉన్నాయి, అక్కడా ఉన్నాయి. మా దగ్గర ఒకతను రెండు లక్షలు తీసుకుని నింపిన ఫారం చూపించాడు. చూస్తే అది అడ్రస్ మార్పు ఫారం, కోర్టుకు ఉచితంగా పంపేది. పేరెందుకులే.

2025 జూలైలో వచ్చిన చట్టంతో ఈ మోషన్ల ఫీజు బాగా పెరిగింది. అంతకుముందు ఇమిగ్రేషన్ కోర్టులో 145 డాలర్లుండేది. కొత్త చట్టం 900 డాలర్లు పెట్టి, ఏటా పెంచుకుంటూ పొమ్మంది. కట్టేరోజు ఉన్న మొత్తాన్ని ఈఓఐఆర్ సైట్లో చూసుకోండి. నోటీసు అందలేదన్న కారణంతో ఎక్స్‌పార్టీ ఉత్తర్వు మీద వేసే మోషన్‌కు ఆ కొత్త ఫీజు లేదు.

పాత లాయరు చేసిన తప్పు వల్లే కేసు పోయిందంటే, ఊరికే నిందిస్తే ఒప్పుకోరు. 1988 నాటి లొజాడా తీర్పు ప్రకారం మూడు పనులు చేయాలి: ఆయనతో ఏం ఒప్పందం జరిగిందో, ఏం చేయలేదో ప్రమాణపత్రం రాయాలి, ఆయనకు తెలియజేసి జవాబు చెప్పుకునే అవకాశమివ్వాలి, బార్‌కు ఫిర్యాదు చేయాలి, చేయకపోతే ఎందుకు చేయలేదో చెప్పాలి. మన వాళ్లకు లాయరు మీద ఫిర్యాదంటే మొహమాటం, భయం. అది మానుకోవాలి.

దాఖలు చేసే కట్టలో ఏముండాలి

ఏ మోషనో పైన స్పష్టంగా రాసిన కవర్ పేజీ, లాయరుంటే ఆయన వకాల్తా ఫారం ఈఓఐఆర్-28, తీర్పు కాపీ, ఫీజు రసీదు, అడ్రస్ ఫారం, జడ్జి సంతకం పెట్టడానికి వీలుగా రాసిన ఉత్తర్వు నమూనా, ప్రభుత్వ లాయర్లకు కాపీ ఇచ్చినట్టు రుజువు. ఈ ఉత్తర్వు మీద వేరే కోర్టులో కేసు ఉందా లేదా అన్నది కూడా రాయాలి. కొత్తగా ఏదైనా ఉపశమనం కోరి రీఓపెన్ అడుగుతుంటే ఆ దరఖాస్తును నింపి జతచేయాలి.

రీకన్సిడర్ అయితే అసలు బలం వాదనలోనే ఉంటుంది. తీర్పులో ఫలానా పేజీ, ఫలానా వాక్యం. ఫైల్లో దానికి విరుద్ధంగా ఉన్న ఫలానా ఎగ్జిబిట్. దాని మీద ఫలానా పై కోర్టు తీర్పు. ఇలా ఒక్కో తప్పునూ వేలు పెట్టి చూపించాలి. తీర్పును జడ్జి నోటితో చెప్పి ఉంటే విచారణ ఆడియో కూడా అడిగి తెప్పించుకోవచ్చు. పదిసార్లు వినండి. మూడు గట్టి తప్పుల పక్కన ఎనిమిది బలహీనమైనవి చేరిస్తే ఆ మూడూ కూడా పలచబడతాయని నా అభిప్రాయం.

ఇక్కడ మన పని

రీఓపెన్‌కు ఇక్కడి కాగితాలు కావాలంటే, నా అనుభవంలో దెబ్బతినేది చిన్న చిన్న విషయాల దగ్గరే.

తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ పూర్తి ఇంగ్లీషు తర్జుమా ఉండాలి. కింద తర్జుమా చేసినవాళ్ల సర్టిఫికెట్ ఉండాలి: రెండు భాషలూ తెలుసని, తర్జుమా నిజమని, సంతకం, పేరు, అడ్రస్, ఫోన్ నంబరుతో. నోటరీ ముద్ర కొట్టి ఈ సర్టిఫికెట్ మరిచిపోయినవి నేను ఎన్నో చూశాను.

చుట్టరికాల మాటలతో మరీ జాగ్రత్త. మనం పెదనాన్న కొడుకునూ "మా అన్న" అంటాం. దాన్ని ఇంగ్లీషులో సొంత అన్నగా రాస్తే, పిల్లవాడు వీసా ఫారంలో "తోబుట్టువులు లేరు" అని రాసి ఉంటే, అతను అబద్ధమాడినట్టవుతుంది. జేజి అంటే నాన్నమ్మ, అమ్మమ్మ ఇద్దరిలో ఎవరో అడిగి రాయండి. చిన్నాయన, మేనమామ ఇద్దర్నీ ఒకే మాటతో సరిపెట్టకండి. తండ్రి వైపో తల్లి వైపో విడమరిచి రాయాలి.

తేదీలు ఇంకో గండం. 03/04 అంటే మనకు ఏప్రిల్ 3, వాళ్లకు మార్చి 4. తర్జుమాలో నెల పేరు అక్షరాల్లో రాయండి.

జిల్లా పేరు కూడా. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. పిల్లవాడి బర్త్ సర్టిఫికెట్లో చిత్తూరు జిల్లా అని, ఇప్పుడు తెచ్చిన కాగితంలో తిరుపతి జిల్లా అని ఉంటే, చదివే అధికారికి అవి రెండు వేర్వేరు ఊళ్లు. ఆ మార్పు గురించి రెండు లైన్లు ప్రమాణపత్రంలోనే చెప్పేయండి. ఇంటిపేరు టెన్త్ సర్టిఫికెట్లో ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉన్నా అదే పని చేయాలి.

జబ్బు ఆధారమైతే మందుల చీటీ కాదు, డిశ్చార్జ్ సమ్మరీ కావాలి. స్విమ్స్‌లో చూపించినా రుయాలో చూపించినా వెల్లూరు సీఎంసీలో చూపించినా, ఏ రోజు చేరారో ఏ రోజు వెళ్లారో అందులో ఉండాలి. ఆ రోజులు పిల్లవాడు తప్పిన వాయిదా తేదీతో కలవాలి. కలవకపోతే ఎంత పెద్ద జబ్బైనా ఉపయోగం లేదు. మరణ ధ్రువీకరణ లాంటి ప్రభుత్వ రికార్డుకు అపోస్టిల్ (విదేశంలో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణ ముద్ర) కావాలేమో లాయర్ని ముందే అడగండి. మన దేశం 2005 నుంచి అపోస్టిల్ ఒప్పందంలో ఉంది కాబట్టి అవసరమైతే దొరుకుతుంది, కానీ రోజులు పడుతుంది.

తల్లిదండ్రుల వాంగ్మూలం మన స్టాంపు పేపరు మీదే ఉండాలని లేదు. అమెరికా చట్టాల ప్రకారం, అబద్ధమైతే శిక్షకు లోబడి, పైన చెప్పినది నిజమని ప్రకటిస్తూ తేదీతో సంతకం పెట్టిన డిక్లరేషన్‌ను అక్కడి చట్టం అంగీకరిస్తుంది. ఇంగ్లీషు రాని అమ్మ సంతకం పెడితే, ఆమెకు తెలుగులో చదివి వినిపించినట్టు ఇంకో సర్టిఫికెట్ పెట్టాలి. చదివి వినిపించకుండా వినిపించామని రాయొద్దు. ఆ మాట అడిగితే ముందు దొరికేది ఆమే.

హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్‌కు వెళ్లి మొరపెట్టుకుందామని కొందరు రైలెక్కుతారు. కాన్సులేట్‌కు ఇమిగ్రేషన్ కోర్టు తీర్పు మీద అధికారం లేదు. ఆ డబ్బులు కొరియర్‌కు ఉంచుకోండి.

వేశాక

ఈఓఐఆర్ సైట్లో ఆటోమేటెడ్ కేస్ ఇన్ఫర్మేషన్ అనే చోట ఏ-నంబరు (అతని కాగితాల మీద A అక్షరంతో ఉండే ఇమిగ్రేషన్ నంబరు), దేశం కొడితే కేసు ఎక్కడుందో కనిపిస్తుంది. పిల్లవాణ్ణి అదుపులోకి తీసుకున్నారని తెలిస్తే ఐస్ డిటైనీ లొకేటర్‌లో అదే ఏ-నంబరు, పుట్టిన దేశంతో వెతకాలి. మోషన్ కొట్టేస్తే, జడ్జి కొట్టేసిందానిపై బోర్డుకు, బోర్డు కొట్టేసిందానిపై ఫెడరల్ కోర్టుకు మళ్లీ గడువు మొదలవుతుంది. కాబట్టి వారానికి రెండుసార్లైనా చూస్తుండండి. ఏ-నంబరులో ఎనిమిది అంకెలే ఉంటే ముందు ఒక సున్నా చేర్చండి. మా బావ మూడు వారాలు ఆ సున్నా లేకుండా కొట్టి, కేసు కనిపించడం లేదని అన్నం మానేశాడు.